పళ్లెం అంచున మిగిలిన ముక్క: పేదింటి పిల్లలకు కూరగాయలంటే నిజంగానే అయిష్టమా?

ఉత్తర చెన్నైలో కొరుక్కుపేట రైలు గేటు దాటి లోపలికి వెళితే, నెల్లూరు, ప్రకాశం వైపు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కనిపిస్తాయి. అక్కడ ఒక ఇంట్లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఏడేళ్ల పిల్లవాడు సాంబారన్నం తినడం చూశాను. చౌచౌ (బెంగళూరు వంకాయ) ముక్కలను వేలితో ఒక్కొక్కటే పళ్లెం అంచుకు తోసి, ఇటుకలు పేర్చినట్టు వరసగా పెట్టాడు. మొత్తం ఏడు ముక్కలు. ఉర్లగడ్డ ముక్కలు మాత్రం ఆ వరసలోకి రాలేదు, నోట్లోకి వెళ్లాయి. తల్లి ఆ ఏడు ముక్కలనూ తన పళ్లెంలోకి ఎత్తుకుంటూ, "వీడు తినడక్కా. ఇంక బీన్సు, బీరకాయ అని తెచ్చి చెత్తబుట్టలో వేసేదానికా?" అంది.

బడి భోజనం మీదో, పిల్లల్లో రక్తహీనత మీదో చర్చ వచ్చిన ప్రతిసారీ పేదింటి పిల్లలు కూరగాయలు తినరనే మాట తప్పకుండా వినిపిస్తుంది. దానికి కారణం చెప్పేటప్పుడు ఒకరు నాలుకను తప్పుపడతారు, ఒకరు ధరను, ఒకరు తల్లిని, మరొకరు అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్‌ను. ఈ నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే అవి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో విడదీసి చూడకపోతే ఆ తల్లి అన్న మాటలోని లెక్క మనకు అర్థం కాదు.

"ఇష్టం" అనే ఒక్క మాటలో కలిసిపోయిన వేర్వేరు సంగతులు

ఒక పిల్లవాడికి బీరకాయ "ఇష్టం లేదు" అన్నప్పుడు మనం నిజానికి ఏం చెబుతున్నాం? దాని రుచి అతనికి నచ్చలేదని కావచ్చు. రుచి చూడనే లేదు, చూడటానికి ఒప్పుకోలేదని కావచ్చు. నచ్చినా ఇంట్లో వండరు కాబట్టి తినడం లేదని కూడా కావచ్చు. పోషకాహార పరిశోధకులు ఇష్టపడటాన్ని, రుచి చూడటానికి సిద్ధపడటాన్ని, వాస్తవంగా తిన్న పరిమాణాన్ని విడివిడిగా కొలుస్తారు. ఇష్టాన్ని కొలవడానికి చిన్నపిల్లలకు నవ్వు ముఖం, మామూలు ముఖం, ఏడుపు ముఖం బొమ్మలు చూపించి ఒకదాన్ని ఎంచుకోమంటారు. తిన్నదాన్ని కొలవడానికి పళ్లెంలో మిగిలినదాన్ని తూకం వేస్తారు. ఈ రెండు కొలతలూ చాలాసార్లు ఒకదానితో ఒకటి పొసగవు.

కూరగాయ అంటే ఏమిటన్నది మరో చిక్కు. ఇంట్లో "రోజూ కూరగాయలు వండుతాం" అన్నవారి గిన్నెలో ఉన్నది ఉర్లగడ్డ, ఎర్రగడ్డ, టమాటా మాత్రమే కావచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకు ఇన్ని గ్రాముల కూరగాయలు, పండ్లు తినాలని చెప్పేటప్పుడు ఉర్లగడ్డ వంటి పిండి దుంపలను ఆ లెక్కలో కలపదు. అంటే ఆ ఆదివారం పిల్లవాడు తిన్న ఉర్లగడ్డ తల్లి దృష్టిలో కూరగాయ, సంస్థ దృష్టిలో అన్నానికి తమ్ముడు.

చెన్నై తెలుగు పిల్లల విషయంలో ఇంకో మెలిక కూడా ఉంది, సర్వేలు చేసేవారు దీన్ని అంతగా పట్టించుకోరు. ఇంట్లో సొరకాయ బడిలో సురైక్కాయ్ అవుతుంది. పొట్లకాయ పుడలంగాయ్, దొండకాయ కోవక్కాయ్, గోంగూర పులిచ్చకీరై అవుతాయి. చౌచౌను చాలామంది తమిళంలో బెంగళూరు కత్తరిక్కాయ్ అంటారు, తెలుగులో అదే బెంగళూరు వంకాయ. మామూలు వంకాయ ఇష్టమా అని అడిగినా పిల్లవాడు చౌచౌను తలుచుకుని తల అడ్డంగా ఊపవచ్చు. నాకు తెలిసిన ఒక పాప ఇంట్లో సొరకాయ పులుసు ముట్టదు, బడి సాంబారులో మాత్రం అదే కాయ తింటుంది. తల్లి నిలదీస్తే, "అది సురైక్కాయ్ కదమ్మా" అంది. ఆ పాపకు అవి రెండు వేర్వేరు పదార్థాలు. పేరు, ముక్క కోసిన తీరు, పక్కన కూర్చుని తింటున్న పిల్లలు, అన్నీ కలిస్తేనే ఆమెకు అది ఫలానా తిండి అవుతుంది.

నాలుక పుట్టుకతో తెచ్చుకున్నది ఎంత?

అప్పుడే పుట్టిన బిడ్డ నాలుకకు తీపి తగిలిస్తే ముఖం విప్పారుతుంది, చేదు తగిలిస్తే ముడుచుకుంటుంది. పాలు తీయగా ఉంటాయి, ప్రకృతిలో చాలా విషపదార్థాలు చేదుగా ఉంటాయి కాబట్టి ఇది ప్రాణాన్ని కాపాడే ఏర్పాటు. కాకరకాయలో చేదు సరే, క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవ జాతి ఆకుల్లో కూడా గ్లూకోసినోలేట్లు అనే గంధకపు పదార్థాలు ఉండి, వాటికి ఒక ఘాటునూ చేదునూ ఇస్తాయి.

ఆ చేదు అందరికీ ఒకేలా తెలియదు. 1931లో ఆర్థర్ ఫాక్స్ అనే అమెరికా రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో పీటీసీ అనే పొడిని ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి మారుస్తుండగా అది గాలిలోకి లేచింది. పక్కనున్న సహోద్యోగి నోరంతా చేదైపోయిందన్నాడు, ఫాక్స్‌కు మాత్రం ఏమీ తెలియలేదు. ఈ తేడాకు ప్రధాన కారణమైన టీఏఎస్2ఆర్38 అనే జన్యువును 2003లో గుర్తించారు. ఒకే జన్యు రూపం ఉన్నా పెద్దవారికంటే పిల్లలకే చేదు ఎక్కువగా తెలుస్తుందని ఆ తర్వాతి పరిశోధనలు చూపించాయి. కాబట్టి "మేమంతా తినలేదా" అని పిల్లవాడిని గదమాయించే తాతగారి నాలుక, ఆ పిల్లవాడి నాలుక ఒకే ముల్లంగిని రుచి చూస్తున్నా, వాటికి అందుతున్నది ఒకే రుచి కాదు.

దీనికి తోడు కొత్త తిండి అంటే బెదురు ఒకటి ఉంటుంది, శాస్త్రంలో దీన్ని ఫుడ్ నియోఫోబియా అంటారు. సుమారు రెండేళ్ల నుంచి ఆరేళ్ల మధ్య ఇది బలంగా ఉంటుంది. పిల్లవాడు సొంతంగా నడిచి, దొరికినది నోట్లో పెట్టుకోగలిగే వయసులోనే ఈ బెదురు కూడా పెరగడం యాదృచ్ఛికం కాదని పరిశోధకులు భావిస్తారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. చేదు తెలిపే జన్యువు బ్యాంకు ఖాతా చూసి రాదు. కొత్త తిండి బెదురు అణ్ణా నగర్ అపార్ట్‌మెంట్‌లోని పిల్లవాడికీ ఉంటుంది, కొరుక్కుపేట పిల్లవాడికీ ఉంటుంది. పేదింటి పిల్లల అయిష్టాన్ని నాలుక ఒక్కటే వివరించలేదు. ఇద్దరి దారులు ఎక్కడ వేరవుతాయో చూడాలంటే ఆ బెదురు పోవడానికి ఏం కావాలో తెలియాలి.

వద్దన్న కాయ నచ్చడానికి ఎన్నిసార్లు పెట్టాలి?

లియాన్ బర్చ్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త 1982లో ప్రచురించిన ఒక అధ్యయనం ఈ రంగానికి పునాది రాయి వంటిది. రెండేళ్ల పిల్లలకు అంతకుముందు తెలియని పదార్థాలను కొన్నింటిని రెండుసార్లు, కొన్నింటిని అయిదు, పది, పదిహేను, ఇరవై సార్లు రుచి చూపించి, తర్వాత ఏది కావాలో ఎంచుకోమన్నారు. ఎక్కువసార్లు రుచి చూసినదాన్నే పిల్లలు ఎక్కువగా ఎంచుకున్నారు. కూరగాయలతో తర్వాత జరిగిన ప్రయోగాలు కూడా మొత్తం మీద అదే చెప్పాయి: వద్దన్న కాయ ఆమోదం పొందడానికి ఎనిమిది నుంచి పదిహేను సార్లు రుచి చూడటం అవసరం కావచ్చు. ఇది సగటు మాట, కొందరు పిల్లలు నాలుగోసారికే ఒప్పుకుంటారు, కొందరు ఇరవైకీ ఒప్పుకోరు.

బర్చ్ బృందమే 1987లో మరో సంగతి తేల్చింది. కళ్లతో చూసినంత మాత్రాన లాభం లేదు, నాలుకకు తగలాలి. పళ్లెం అంచుకు తోసిన ఏడు ముక్కలు ఈ లెక్కలోకి రావు. ఒక్క ముక్క కొరికి ఉమ్మేసినా వస్తుంది.

ఈ అలవాటు ఇంకా ముందే మొదలవుతుందనడానికీ ఆధారం ఉంది. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని మోనెల్ రుచి పరిశోధన కేంద్రంలో జూలీ మెనెల్లా బృందం కొందరు తల్లులకు గర్భంతో ఉన్నప్పుడో, పాలిచ్చేటప్పుడో మూడు వారాలపాటు, వారానికి నాలుగు రోజులు, రోజుకు 300 మిల్లీలీటర్ల క్యారెట్ రసం తాగించింది. 2001లో వెలువడిన ఫలితాల ప్రకారం, ఆ బిడ్డలకు తర్వాత క్యారెట్ రుచి గల గుజ్జు పెట్టినప్పుడు, తల్లి నీళ్లు మాత్రమే తాగిన బిడ్డలకంటే వీరు తక్కువగా ముఖం చిట్లించారు. బాలింతకు పథ్యం పేరుతో నెలల తరబడి చారన్నం, వెల్లుల్లి కారం తప్ప మరేదీ పెట్టని ఇళ్లు మనలో ఇంకా ఉన్నాయి. ఆ పథ్యం బిడ్డకు కూరల రుచి అందే ఒక దారిని కొన్నాళ్లు మూసి ఉంచుతుందని ఆ పెద్దలకు తోచి ఉండదు.

ఒక తిరస్కారం ఖరీదు

ఇప్పుడు తల్లి లెక్క దగ్గరికి వద్దాం. ఎనిమిది నుంచి పదిహేను సార్లు పెట్టాలి అనే సలహా వినడానికి తేలిక. దానికి ఒక ఖర్చు ఉంటుంది, అది సలహా ఇచ్చేవారి పర్సులోంచి రాదు.

లెక్క కోసం బీరకాయ కిలో 60 రూపాయలు అనుకుందాం. పిల్లవాడి కోసం పావుకిలో తెచ్చి విడిగా వేపుడు చేస్తే 15 రూపాయలు. పదిసార్లు వద్దంటే 150. వద్దన్న ప్రతిసారీ ఆకలితో పడుకోబెట్టలేరు కాబట్టి ఒక గుడ్డో, ఒక ప్యాకెట్టో ఇస్తారు, పదిసార్లకు అది మరో 50 రూపాయలు. ఒక్క బీరకాయను అలవాటు చేయడానికి 200 రూపాయలు అయింది. నెలకు లక్ష రూపాయలు వచ్చే ఇంటికి అది ఆదాయంలో 0.2 శాతం, 15,000 వచ్చే ఇంటికి 1.3 శాతం. ఇలా పది రకాలు అలవాటు చేయాలంటే మొదటి ఇంటికి ఒక నెల ఆదాయంలో 2 శాతం ఖర్చవుతుంది, రెండో ఇంటికి 13 శాతం దాటుతుంది. పైగా పదకొండోసారి తింటాడన్న హామీ ఏదీ లేదు.

కెయిట్లిన్ డానియెల్ అనే సామాజిక శాస్త్రవేత్త బోస్టన్ ప్రాంతంలో పేద, సంపన్న తల్లిదండ్రులతో మాట్లాడి 2016లో ప్రచురించిన పరిశోధన సరిగ్గా ఈ విషయమే చెప్పింది. ఆహారం వృథా కావడం ఎవరికీ ఇష్టం ఉండదు, కానీ సంపన్నులు ఆ వృథాను భరించి మళ్లీ ప్రయత్నించగలిగారు. పేద తల్లిదండ్రుల్లో చాలామంది పిల్లలు తప్పకుండా తింటారని తెలిసినదే కొన్నారు. బోస్టన్‌కూ కొరుక్కుపేటకూ వంటలో పోలిక లేకపోయినా, "చెత్తబుట్టలో వేసేదానికా" అన్న మాటకు అక్కడా ఇక్కడా అర్థం ఒకటే.

నేను ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది దాదాపు ఇదే. మనం "పేదింటి పిల్లల ఇష్టం" అని రాసుకుంటున్నది చాలావరకు వారి నాలుక ఇచ్చిన తీర్పు కాదు, వారి ఇల్లు ఎన్ని తిరస్కారాలను భరించగలిగిందో చెప్పే చిట్టా. మూడోసారికే ఆగిపోయిన ప్రయత్నం ఆ చిట్టాలో "వాడికి ఇష్టం లేదు" అనే మాటగా నమోదైపోతుంది. ఆ మాట తర్వాత చెల్లెలికి కూడా వర్తిస్తుంది, ఎందుకంటే అన్న తినని కాయ అసలు ఇంట్లోకే రాదు.

అయితే పై లెక్కకు ఒక సవరణ కూడా చేయాలి. పిల్లవాడికి విడిగా వండకుండా, అందరికీ చేసిన బీరకాయ కూరలోంచి ఒక చెంచా, అంటే సుమారు 15 గ్రాములు, పదిసార్లు పెడితే మొత్తం 150 గ్రాములు. అదే ధరకు 9 రూపాయలు. 200కూ 9కీ ఉన్న తేడా చూసి, "పేదరికం వంకే" అనేవారు ఈ రెండో లెక్కనే చూపిస్తారు. అది తప్పు లెక్క కాదు. కానీ పూటకు ఒక్క కూరే వండే ఇంట్లో పిల్లవాడు ఆ కూర వద్దంటే అన్నంలో కలుపుకోవడానికి ఇంకేం ఉంటుంది? పచ్చడి ఉంటే పచ్చడి, మజ్జిగ ఉంటే మజ్జిగ. రెండు కూరలు, పప్పు, పెరుగు ఉన్న ఇంట్లో ఒక చెంచా ప్రయోగానికి చోటుంది. ఒక్క కూర ఇంట్లో ఆ పూట కూరే ప్రయోగం అవుతుంది. అందుకే అక్కడ అందరూ తినేదే వండుతారు, అందరూ తినేది చివరికి ఉర్లగడ్డ దగ్గర ఆగుతుంది.

రేషన్ సంచిలో లేని సరుకు

తమిళనాడులో అర్హత కార్డుకు రేషన్ బియ్యం ఉచితం. కందిపప్పు కిలో 30 రూపాయలకు, పామాయిల్ లీటరు 25 రూపాయలకు ఇస్తారు. కూరగాయలు మాత్రం బజారు ధరకే. టమాటా ధర మండిపోయిన 2023 జూలైలో ప్రభుత్వం చెన్నైలోని 82 రేషన్ దుకాణాల్లో కిలో 60 రూపాయలకు టమాటా అమ్మించింది, కానీ అది ఆపద్ధర్మం.

దీని ప్రభావం రూపాయికి ఎన్ని కేలరీలు అనే లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. కిలో కందిపప్పులో సుమారు 3,300 కేలరీలు ఉంటాయి, 30 రూపాయలకు కొంటే రూపాయికి 110. కిలో బీన్స్‌లో సుమారు 250, ధర 60 అనుకుంటే రూపాయికి 4. అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్‌లో 12 గ్రాములు ఉన్నాయనుకుంటే సుమారు 65 కేలరీలు, రూపాయికి 13. కడుపు నింపడంలో చిప్స్ బీన్స్‌కంటే మూడు రెట్లు చౌక, పైగా పిల్లవాడు దాన్ని ఎప్పుడూ వద్దనడు. బీన్స్‌ను కేలరీల కోసం ఎవరు కొంటారు అని అడగవచ్చు, న్యాయమైన ప్రశ్నే. పోషకాల లెక్కలో బీన్స్‌దే పైచేయి. కానీ చేతిలో 20 రూపాయలు మిగిలిన సాయంత్రం ఆకలి అడిగేది పోషకాలను కాదు.

ఊరి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. నెల్లూరు వైపు పల్లెల్లో దడి మీద సొరపాదు, పెరట్లో మునగచెట్టు, గట్టు మీద గోంగూర ఉన్న ఇంట్లో పిల్లవాడు వద్దన్న కూరకు డబ్బు నష్టం లేదు, ఎందుకంటే రేపు మళ్లీ కోసి వండవచ్చు. అదే కుటుంబం చెన్నైకి వచ్చాక గోంగూర కట్టకు డబ్బు పెట్టాలి. ఫ్రిజ్ లేకపోతే ఆ కట్ట రేపటికి వాడిపోతుంది. ఆదాయం పెరిగి, రుచుల జాబితా తగ్గిన ఇళ్లు నాకు తెలుసు.

ధర తగ్గితే పిల్లలు తినేస్తారా?

అంత సూటిగా జరగదని వాదించేవారున్నారు, వారి వాదనలో బలం ఉంది. 2022–23 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల సగటు తలసరి ఖర్చులో కూరగాయల వాటా 3.80 శాతం, పానీయాలు, చిరుతిళ్లు, సిద్ధాహారాల వాటా 10.64 శాతం. చిరుతిళ్లకు డబ్బుండి కూరగాయలకు లేదా అనేది వారి ప్రశ్న.

ఈ అంకెను వాడేటప్పుడు కొంత జాగ్రత్త అవసరం. ఇది అన్ని తరగతుల సగటు, పేద కుటుంబాల అంకె కాదు. ఆ 10.64 శాతంలో చిప్స్, కూల్‌డ్రింకులే కాకుండా బండి దగ్గర కొన్న టీ, హోటల్ ఇడ్లీ వంటివీ ఉన్నాయి. తెల్లవారకముందే వీధులు ఊడ్చే పనికో, ఇళ్లలో పాచిపనికో బయలుదేరే తల్లికి బండి ఇడ్లీ విలాసం కాదు, మిగిలిన గంట నిద్ర. కూరగాయకు ధరతోపాటు సమయం కూడా ఖర్చవుతుంది. పావుకిలో చిక్కుడుకాయ ఈనెలు తీసి, తుంచి, ఉడికించి, పోపు పెట్టడానికి పట్టే అరగంట ఏ సర్వేలోనూ రూపాయల్లో కనపడదు.

అయినా ధరవాదులు ఒప్పుకోవలసిన సంగతి ఒకటుంది. ఒకసారి నాలుక ఉప్పు, నూనె, కరకర శబ్దాలకు అలవాటుపడ్డాక, బీన్స్ ధర సగానికి తగ్గినా ఆ పిల్లవాడు వెంటనే బీన్స్ వైపు తిరగడు. ధర తగ్గితే మళ్లీ ప్రయత్నించే వీలు మాత్రం తల్లికి దొరుకుతుంది, ఇష్టం ఆ తర్వాతి సంగతి.

పప్పుకూర: దాచిపెట్టడమా, కలిపి పెట్టడమా?

తెలుగిళ్లలో ఈ చిక్కుకు ఎవరూ ప్రణాళిక వేయకుండానే పుట్టిన ఒక జవాబు ఉంది. తోటకూర పప్పు, గోంగూర పప్పు, దోసకాయ పప్పు, సొరకాయ పప్పు. రేషన్‌లో చౌకగా వచ్చే పప్పులోనే కూర ఉడికి కలిసిపోతుంది కాబట్టి అంచుకు తోయడానికి విడి ముక్క ఉండదు. రుచి పరిశోధనలో దీనికి దగ్గరి భావన ఒకటి ఉంది: ఇప్పటికే ఇష్టమైన రుచితో జతకలిస్తే కొత్త రుచి మీద కూడా ఇష్టం ఏర్పడవచ్చు. అయితే జతకలపకుండా ఊరికే పదేపదే రుచి చూపినా దాదాపు అంతే ఫలితం వచ్చిందని కొన్ని ప్రయోగాలు చెబుతున్నాయి. అంటే పప్పు వల్ల కలిగే అసలు మేలు రుచిని మార్చడం కాకపోవచ్చు, పదోసారి దాకా ఖర్చు లేకుండా లాక్కెళ్లడం కావచ్చు.

దాచిపెట్టడం వేరు. క్యారెట్‌ను తురిమి దోసెపిండిలో కనపడకుండా కలిపితే పోషకం లోపలికి వెళుతుంది, ఆ పూటకు అది మంచిదే. కానీ తింటున్నది క్యారెట్ అని తెలియని పిల్లవాడు రేపు క్యారెట్ పొరియల్‌ను గుర్తుపట్టి తినడు. తోటకూర పప్పులో ఆకు కనిపిస్తుంది, దాని వాసన తెలుస్తుంది, పేరు కూడా పలుకుతారు.

"తింటే చాక్లెట్ ఇస్తా" అనే పద్ధతి మీద పరిశోధకుల్లోనే రెండు పక్షాలున్నాయి. తినమని ఒత్తిడి పెట్టిన పిల్లలు సూప్‌ను తక్కువ తాగి, ఎక్కువ ఫిర్యాదు చేశారని 2006 నాటి ఒక అధ్యయనం చూపింది. లంచంగా ఇచ్చే తిండి బహుమతి మీద ఇష్టం పెంచుతుందే తప్ప కూర మీద కాదని పాత పక్షం చెబుతుంది. కానీ 2011లో లండన్‌లోని ఒక బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లలకు పన్నెండు రోజులు ఒక చిన్న ముక్క రుచి చూస్తే స్టిక్కర్ ఇచ్చింది, ఇష్టం పెరగడమే కాకుండా మూడు నెలల తర్వాత కూడా నిలిచింది. తేడా బహుమతి రకంలో, పరిమాణంలో ఉన్నట్టుంది. గిన్నె ఖాళీ చేయమని అడగడం వేరు, ఒక్క ముక్క నాలుక మీద పెట్టుకోమని అడగడం వేరు.

బడి పళ్లెంలో గ్రాముల లెక్క, రకాల లెక్క

ఈ నగరంలో బడి భోజనానికి వందేళ్ల చరిత్ర ఉంది. 1920లో తెలుగువాడైన పిట్టి త్యాగరాయ చెట్టి మద్రాసు కార్పొరేషన్ అధ్యక్షుడిగా ఉండగా, థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడిలో పిల్లవాడికి రోజుకు ఒక అణాకు మించని ఖర్చుతో మధ్యాహ్న తిండి పెట్టారు. 1956లో కామరాజ్, 1982లో ఎంజీఆర్ దాన్ని విస్తరించారు. 2022 సెప్టెంబరులో ఉదయపు అల్పాహార పథకం మొదలై, మరుసటి ఏడాది ఆగస్టుకు రాష్ట్రమంతటా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు చేరింది. ఉప్మా, కిచిడీ, పొంగల్ వంటి వాటితో కూరగాయల సాంబారు ఇస్తారు.

కేంద్ర నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల మధ్యాహ్న భోజనంలో పిల్లవాడికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు ఉండాలి, ఉన్నత ప్రాథమిక తరగతులకు 75 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన ప్రకారం ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలు కూరగాయలు, పండ్లు కలిపి రోజుకు కనీసం 350 గ్రాములు తినాలి. విద్యాహక్కు చట్టం ప్రాథమిక తరగతులకు ఏడాదికి కనీసం 200 పనిదినాలు ఉండాలంటుంది. 200 రోజులకు 50 గ్రాముల చొప్పున 10 కిలోలు. ఏడాది మొత్తానికి అవసరమైనది దాదాపు 128 కిలోలు. పిల్లవాడు ఒక్క ముక్క కూడా వదలకుండా తిన్నా బడి మధ్యాహ్న భోజనం తీర్చేది పదమూడో వంతు.

ఈ అంకె చూసి పథకాన్ని కొట్టిపారేసేవారు బడిని ఇంటిలాగే కొలుస్తున్నారు. గ్రాములు తక్కువైనా, ఏడాదికి 200 సార్లు రుచి చూసే అవకాశం అక్కడ ఉంది. ఆ 200 తిరస్కారాల్లో ఒక్కదాని ఖర్చూ తల్లి మీద పడదు. పక్కన కూర్చున్న స్నేహితుడు నమిలి మింగుతుంటే చూసి ధైర్యం చేసే వీలు కూడా బడిలోనే ఎక్కువ. సురైక్కాయ్ తినే ఆ పాప సొరకాయ రుచి నేర్చుకున్నది అక్కడే.

అసలు చిక్కు మరోచోట ఉంది. నిబంధన గ్రాములు చెబుతుంది, రకాలను గ్రాముల్లో చెప్పదు. వారానికి అయిదు రోజులూ చౌచౌ ఒకటే వేసినా 50 గ్రాముల లెక్క సరిపోతుంది. ఎవరూ నియమం తప్పినట్టు కాదు, కానీ పిల్లవాడి నాలుకకు తెలిసిన కాయల జాబితా మాత్రం ఒకటి దగ్గరే ఆగిపోతుంది. 2025 మే నుంచి పప్పు, కూరగాయలు, నూనె, పోపు సామాను, వంటచెరకు అన్నీ కలిపి ప్రాథమిక తరగతి పిల్లవాడికి రోజుకు కేంద్ర నిబంధన ప్రకారం కేటాయించే సరుకు ఖర్చు 6 రూపాయల 78 పైసలు. రాష్ట్రాలు దీనికి సొంతంగా కలుపుకోవచ్చు. ఆ డబ్బులో ఏ రకం కొనాలన్నది ధరతోపాటు వంటమ్మ చేతి పని మీద కూడా ఆధారపడుతుంది. వంద మంది పిల్లలున్న బడికి 50 గ్రాముల చొప్పున అయిదు కిలోలు కావాలి. అయిదు కిలోల గుమ్మడికాయ ఇద్దరు కూర్చుంటే పెద్ద కత్తిపీటతో చూస్తుండగానే ముక్కలవుతుంది. అయిదు కిలోల తోటకూర అయితే కట్టలు విప్పి, ఆకు గిల్లి, మట్టి పోయేదాకా మూడు నీళ్లు మార్చి కడగాలి, పన్నెండు గంటలకల్లా అది అన్నంతో పాటు పళ్లెంలో ఉండాలి.